మన వాగులలోని చిన్నచేపలు: వానిని గుర్తించు విధము

మేడ్చలు, శామీరుపేట ప్రాంతములలో పెద్దనది యేదియు లేదు. ఉన్నవి చెరువులు, కుంటలు, వానిని ఒకదానితో నొకటి కలుపు సన్నని వాగులు. పరుపుబండల మీదను గుట్టల మీదను పడిన వాననీరు పల్లమునకు జారి యొక చెరువును నింపును. ఆ చెరువు మత్తడి దూకినపుడు నీరు క్రింది చెరువును చేరును. వీనినే పెద్దలు గొలుసుకట్టు చెరువు లనిరి. ఈ ప్రాంతపు నీరు చాల వఱకు తుదకు మూసీని చేరి, మూసీతో గూడ వాడపల్లి యొద్ద కృష్ణలో గలియును. ఉత్తరముగా తూప్రాను వైపు సాగినచో నీరు హల్దీ వాగున బడి మంజీరకును, అటనుండి గోదావరికిని బోవును.

వేసవిలో ఈ వాగు లెండి యిసుకయు గులకఱాళ్లును మిగులును. అక్కడక్కడ బండల నీడను మోకాలిలోతు మడుగులు నిలుచును. త్రోవను బోవువారు చూచి, ఇందేమున్నదని సాగిపోవుదురు. అట్టి మడుగున నొక చిక్కమును ముంచి తీసినచో నాలుగైదు జాతుల చేపలు పడుటయు గలదు. వీనిలో పెక్కు మన వ్రేలికంటె పొడవైనవి కావు. సంతలో కుప్పపోసి యమ్మునపుడు అన్నిటికిని పేరొక్కటియే: పరకలు. వండువారికి అంతకు మించి యవసరము లేదు. నేర్చుకొనువారికి మాత్రము అది చాలదు. ఈ పరకల కుప్పను విడదీసి, దేని నేమనవలయునో, దేని నెట్లు గుర్తింపవలయునో మా తరగతివారు వాగుల వెంట దిరిగి నేర్చుకొనినంత యిచట వ్రాయుచున్నాము.

ముందుగా కాలమును గూర్చి చెప్పవలయును. మృగశిర కార్తెతో, అనగా జూన్ 7, 8 తేదీల ప్రాంతమున, తొలకరినీరు పాఱగానే చేపలు గ్రుడ్లు పెట్టుటకై యెదురెక్కును. ఆ కార్తెనాడు చేపలు తినుట తెలంగాణమున ఇంటింటి యాచారము. దానిని మేము కాదనము. అయినను చదువునకై పట్టువారు ఆ దినములలో చిక్కమును దింపకుండుటయే మంచిదని మా యభిప్రాయము. వానలు వెనుకబట్టి నీరు తేటపడిన పిమ్మట, కార్తికము మొదలు మాఘము వఱకు, ఈ పనికి మిక్కిలి యనుకూలమైన కాలము.

చెరువులలో చేపలు పట్టు హక్కు ఊరి మత్స్య సహకార సంఘములకు జెందియుండును. కనుక గట్టెక్కుటకు ముందే గంగపుత్రుల యొక్కయు ముదిరాజుల యొక్కయు పెద్దలను అడిగి యనుమతి పొందవలయును. ఇది మర్యాద మాత్రమే కాదు, చదువులో నొక భాగము. మా బాలుడొకడు చిక్కమున బడిన చేపను చూపి, "తాతా, దీని పేరేమి?" అని యడుగగా, వల బాగుచేసికొనుచున్న వృద్ధుడు తల యెత్తకయే, "మూతి పైకున్నదా, కిందికున్నదా? ముందు అది చూడు బిడ్డా" అనెను. మత్స్యశాస్త్ర గ్రంథములును సరిగా అచటనే ప్రారంభించును.

కావలసిన పరికరములు స్వల్పములు. ఇనుపకడ్డీని వలయముగా వంచి, దానికి దోమతెర గుడ్డను సంచివలె కుట్టి, వెదురుకఱ్ఱకు బిగించినచో చిక్కము సిద్ధమగును. రెండు గాజుపలకలను అంగుళము ఎడముగా నతికిన సన్నని పెట్టె యొకటి యున్నచో మఱియు మంచిది. అందు చేప తిరుగజాలక ప్రక్కను చూపుచు నిలుచును. పెట్టెలో వాగునీటినే పోయవలయును. కొళాయినీటిలోని క్లోరిను చిన్నచేపల మొప్పలకు హాని చేయును. చేతులు తడుపుకొనకుండ చేపను పట్టరాదు. దాని యొంటిమీది జిగురు పొడిచేతికి అంటుకొని పోయినచో చేపకు రోగములు సోకును. చూచుట ముగిసిన వెంటనే పట్టిన చోటనే విడువవలయును. పిల్ల లొంటరిగా నీట దిగరాదు. ఱాయి త్రవ్విన గుంతలకు అసలే పోరాదు. నురుగుగట్టి వాసన కొట్టు నీటిలో కాలుపెట్టనే వలదు. అట్టి వాగులిపుడు మన ప్రాంతమున లేకపోలేదు.

ఇక చూడవలసిన విధము. మొదట మూతి. పైకి తిరిగిన మూతిగల చేప నీటిమీద తేలు పురుగులను తినునది. ముందునకున్న మూతి నడినీటి చేపది. క్రిందికి వంగిన మూతి అడుగున బ్రదుకు చేపది. రెండవది మీసములు: అసలు లేవా, ఉన్నచో ఎన్ని జతలు, ఎంత పొడవు? మూడవది ప్రక్కగీత. చేప ప్రక్కన మొప్ప మొదలు తోక వఱకు పొలుసులలో సన్నని రంధ్రముల వరుస యొకటి కనబడును. నీటి కదలికను చేప దీనితోడనే గ్రహించును. కొన్ని జాతులలో ఈ గీత తోక వఱకు సాగును. కొన్నిటిలో నాలుగైదు పొలుసులు దాటగానే నిలిచిపోవును. నాలుగవది వెన్నుఱెక్క యెక్కడ మొదలగుచున్నదని. అన్నిటికంటె చివర చూడవలసినది రంగు. పిల్లలు రంగునే మొదట చూతురు. రంగు నమ్మదగినది కాదు. బురదనీటిలో పాలిపోవును, భయపడినపుడు మాఱును, గ్రుడ్లుపెట్టు కాలమున మగచేప వేఱొక చేపయా యనునట్లు వెలుగును.

ఈ పద్ధతిని పరకల కుప్పమీద ప్రయోగించి చూతము. వెండివలె మెఱయుచు, ప్రక్కన నల్లచుక్కలు గల చిన్నచేపలు ఎక్కువగా దొరకును. వీనికి పరిగె లనియు పేరు గలదు. ఒకదానికి మొప్ప వెనుక నొక చిన్నచుక్కయు, తోకకు కొంచెము ముందుగా నొక పెద్దచుక్కయు నుండి, మీసములు లేక, ప్రక్కగీత మధ్యనే ఆగిపోయినచో అది పెథియా టిక్టో. రెండు మూడంగుళముల చేప. చుక్కలలో నొకటి సరిగా తోక మొదటను, ఇంకొకటి వెన్నుఱెక్క మొదటను ఉండి, మీసములు లేక, ప్రక్కగీత సంపూర్ణముగా నున్నచో అది పుంటియస్ సోఫోరె. చుక్కలు దానివలెనే యుండి, పైపెదవి కొసల నొక జత చిన్నమీసములు కూడ నున్నచో పుంటియస్ చోలా. ఈ మీసములు కంటికి సులభముగా నానవు. భూతద్దము చేతనుండవలయును. సోఫోరె మగచేపకు గ్రుడ్లకాలమున ప్రక్కను ఎఱ్ఱనిచాఱ యేర్పడును. తోడి చేపల నడుమ దానిని చూచి క్రొత్తజాతి యనుకొనుట వాడుక.

నల్లచాఱ గల చేపలు రెండు గలవు. కంటి యొద్దనుండి తోక వఱకు నల్లని పట్టీ గీచినట్లుండి, మూతికి మీసములే లేనిది రాస్బోరా డానికోనియస్. అట్టి చాఱయే యుండి, మీసములు దేహపు నడిమిభాగము వఱకు దారపుపోగులవలె వ్రేలాడునది ఈసోమస్. దాని ఱొమ్ముఱెక్కలు పెద్దవి, మూతి పైకి తిరిగియుండును. నీటిపై నుండి యెగిరిపడు గుణమును గలదు. మూత వేయని సీసాలో నుంచినచో నిమిషములో నేలమీద నుండును. ఈ రెంటిని చాఱచూచి యొకటియే యనుకొనువారు మీసము చూచి విడదీయవచ్చును.

పొలుసులు మిక్కిలి చిన్నవై, ప్రక్కను వెండిపట్టీ గలిగి, మూడంగుళముల లోపుండు చేప ఆంబ్లిఫారింగోడాన్ మోలా. దీని శాస్త్రనామము చేపకంటె పొడవైనది. కాని తినువారికి దీనివలని మేలు పెద్దచేపకంటె తక్కువ కాదు. బంగ్లాదేశమున జరిగిన పరిశోధనలలో మోలాచేపయందు విటమిను ఏ సమృద్ధిగా నున్నట్లు తేలినది. పెద్దచేపను ముక్కలుగోసి తల, ముల్లు తీసివేసి తిందుము. చిన్నచేపను తలతోను ఎముకతోను తిందుము గనుక కన్నులకు కావలసినదియు, ఎముకకు కావలసిన సున్నమును దానితో లభించును. పరకల పులుసు పేదవారి కూర యని చిన్నచూపు చూచువారు దీనిని తెలిసికొనవలయును.

అద్దమువలె ఆవలివైపు కనబడు పలుచని చేప యొకటి గలదు. దాని వెన్నెముకయు ప్రక్కటెముకలును బయటనుండియే లెక్కపెట్టవచ్చును. క్రిందిదవడ ముందునకు పొడుచుకొని వచ్చినచో అది చందా నామా. చూచుటకు సాధువువలె నుండును. అయితే దాని ఆహారములో తోడిచేపల యొంటి పొలుసులును గలవు. వానిని గీకి తినును. ఇసుకలో దూరియుండు సన్నచేపను చిక్కముతో అడుగు గీచిననేగాని పట్టజాలము. దానికి కంటిక్రింద నిక్కునట్టి చిన్నముల్లు గలదు. నీటిలో ప్రాణవాయువు తగ్గినపుడు అది పైకి వచ్చి గాలిని మ్రింగి ప్రేగుల ద్వారా గ్రహించును. వేసవి మడుగులలో తక్కినవి చచ్చినను ఇది మిగులుటకు అదియే కారణము. జెల్లకు నాలుగు జతల మీసములును, వెన్నుఱెక్కయందును ఱొమ్ముఱెక్కలయందును గట్టిముండ్లును గలవు. గ్రుచ్చుకొనినచో నొప్పి గంటలకొలది యుండును. దానిని చిక్కమునందే చూచి విడుచుట మేలు.

కొఱ్ఱమట్టను, అనగా కొరమీనును, ఎఱుగనివారుండరు. తెలంగాణ రాష్ట్రపు చేపగా ప్రకటింపబడిన దదియే. తలలో మొప్పలకు పైగా గాలి నిలుపుకొను గది యుండుటచే ఇది నీటిపైకి వచ్చి గాలి పీల్చును. పైకి రానీయక అడ్డగించినచో నీటిలోనే ఊపిరాడక చచ్చును. చెరువుటంచున నారింజరంగు పిల్లచేపల గుంపొకటి ముద్దవలె తిరుగుచుండుట మీరు చూచియుందురు. అవి వేఱొక జాతి కావు, కొఱ్ఱమట్ట పిల్లలే. క్రిందనే తల్లియో తండ్రియో కాపలా యుండును. ఆ పెద్దచేపను పట్టినచో పిల్లలగుంపును తక్కిన చేపలు క్షణములో తినివేయును.

ఇప్పుడు ఈ విద్యవలన నేమి ప్రయోజనమని యడుగువారికి బదులు చెప్పు చేపయొద్దకు వచ్చితిమి. నీటిపైననే తిరుగుచు, చదునైన తలయు, పైకి తిరిగిన మూతియు, గుండ్రనితోకయు గల చిన్నచేపలు రెండు విధములుగా మనకు దొరకును. ఒకటి మన దేశపుది, అప్లోకీలస్. రెండవది పరదేశపుది, గాంబూసియా. రెండును దోమల లార్వాలను తినును. వీని కథ తెలియవలయునన్న కొంచెము వెనుకకు బోవలయును.

1897 ఆగస్టు 20వ తేదీన మన సికిందరాబాదులో సర్ రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. మేడ్చలుకు ఇరువది మైళ్లలోపున జరిగిన పని యిది. దోమయే శత్రువని తెలియగానే, దోమపిల్లలను తిను చేపలకై లోకమంతట వెదకులాట ప్రారంభమయ్యెను. ఉత్తర అమెరికా దక్షిణభాగపు నీళ్లకు చెందిన గాంబూసియాను దేశదేశములకు గొనిపోయిరి. మన దేశమునకు 1928లో ఇటలీనుండి వచ్చినది. నేటికిని హైదరాబాదు నగరపు చెరువులలో దోమల నివారణకై దీనిని విడుచుచుందురు. అక్కడనుండి అది ఒక వానకాలపు వఱదతో గొలుసుకట్టు చెరువులన్నిటికిని ప్రాకగలదు.

గాంబూసియా దోమలను తినదని మేము చెప్పము. తినును. కాని దోమలతో నాగదు. తోడిచేపల గ్రుడ్లను, చిన్నపిల్లలను, కప్పపిల్లలను తినును, తనకంటె నెమ్మదియైన చేపల ఱెక్కలను కొఱుకును. ఆస్ట్రేలియాలోని క్వీన్సులాండున కొన్ని ఊటనీటి మడుగులలో మాత్రమే జీవించు నొక యెఱ్ఱఱెక్కల చిన్నచేప, గాంబూసియా చొచ్చుటచేత నశించు స్థితికి వచ్చినది. పైగా ఇది గ్రుడ్లు పెట్టక నేరుగా పిల్లలనే కని, వేసవి పొడుగున మరల మరల కనుచునే యుండును. అప్లోకీలసు గ్రుడ్లను నీటిమొక్కలకు అంటించును. మొక్కలు పోయి గట్లకు సిమెంటు వచ్చినచోట దానికి తావు లేదు. దోమలను తినుటకు మన వాగులలో ముందే యున్న చేప యేదో చూడకుండ బయటిచేపను తెచ్చి పోయుట, ఇంటి కావలివానిని గుర్తింపక గెంటివేసి క్రొత్తవానిని నిలుపుట వంటిది.

కనుక ఈ రెంటిని వేఱుచేయుట ప్రతి విద్యార్థికి రావలయును. గట్టున నిలుచుండి పైనుండి నీటిలోనికి చూడుడు. నడినెత్తిన ముత్యపుచుక్కవలె తెల్లనిమచ్చ మెఱసినచో అది అప్లోకీలసు. చిక్కమున బట్టి చూచినచో దాని పొట్టక్రింది వెనుకఱెక్క పొడవుగా నుండును. వెన్నుఱెక్క తోకకు మిక్కిలి దగ్గఱగా నుండును. గాంబూసియాకు నెత్తిచుక్క లేదు. వెనుకఱెక్క పొట్టిది. మగచేపకు ఆ ఱెక్కయే సన్నని పుల్లవలె మాఱియుండును. ఆడచేప పొట్ట ఉబ్బి, వెనుకభాగమున నల్లని మచ్చ తోచును. ఇవి నాలుగును సరిపోయిననే పేరు చెప్పవలయును. ఒక్క గుఱుతుతో తీర్పు చెప్పరాదు.

ఇంటిలో గాజుతొట్టిలో పెంచిన చేపలు విసుగు పుట్టినపుడు దయతో చెరువులో విడుచు వాడుక పట్టణములలో ప్రబలినది. ఆ దయ వలననే దెయ్యపుచేప యని జాలరులు తిట్టుకొను పెంకుచేప మన తెలుగుదేశపు నీళ్లలో చేరి వలలు చింపుచున్నది. తలిదండ్రులు దీనిని గమనింపవలయును.

బయటిచేప యొక్కటియే కాదు, మన మాటయు చిన్నచేపలకు కీడు చేసినది. చేపల పెంపక గ్రంథములలో వీనిని కలుపుచేప లందురు. పెంచు గుంటలో బొచ్చె, రోహు, మృగాల పిల్లలను విడుచుటకు ముందు ఇప్పపిండి చల్లి యున్న చేపలను చంపివేయుట ఆ గ్రంథములు చెప్పు పద్ధతి. సొంతగుంటలో పెంపకము చేయువానికి అది న్యాయమే కావచ్చును. 2016 మొదలుకొని తెలంగాణమున ప్రభుత్వమువారు చెరువులలో చేపపిల్లలను ఉచితముగా విడిపించుట వలన జాలరి కుటుంబములకు ఆదరవు కలిగినమాటయు సత్యమే. కాని వాగులోని పరిగెను పొలములోని గఱికతో పోల్చి కలుపనుట మాకు సమ్మతము కాదు. అది ఎవరి పంటనుండియు మొలచినది కాదు. కొఱ్ఱమట్టకును, కొంగకును, బుడుబుంగకును అదియే తిండి.

పేరును గూర్చి యింకొక మాట. పైన వ్రాసిన లాటిను పేర్లు చూచి విద్యార్థులు బెదరవలదు. వీనిలో ననేకము పల్లెవారి నోటినుండి వచ్చినవే. టిక్టో, సోఫోరె, చోలా, మోలా యనునవి ఫ్రాన్సిస్ హామిల్టన్ దొర గంగానదీ మత్స్యములను గూర్చి 1822లో ప్రకటించిన గ్రంథమున నెక్కించిన దేశీయనామములు. పెథియా యనునది సింహళ పల్లెలలో చిన్నపరకల పేరు. 2012లో శాస్త్రజ్ఞులు దానినే యొక ప్రజాతికి పెట్టిరి. తెలుగునకును ఈ గౌరవము దక్కినది. పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు 18వ శతాబ్దపు చివర విశాఖపట్టణమున నుండి, అచట సేకరించిన 200 చేపలను పటములతో వర్ణించి 1803లో ప్రకటించెను. స్థానికులు చెప్పిన తెలుగుపేర్లను తనకు వినబడినట్లు అందు వ్రాసెను. మన వాలుగ చేపయే నేడు లోకమంతట వాలగో యని పిలువబడుచున్నది.

అయినను పేర్లు నిలిచినవి పెద్దచేపలకే. ఫ్రాన్సిస్ డే 1875 మొదలు 1878 వఱకు ప్రకటించిన భారతదేశ మత్స్యగ్రంథమును, 1940 దశకమున రహీముల్లాగారు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వ్రాసిన హైదరాబాదు రాజ్యపు చేపల సర్వేయును శాస్త్రనామములకు మనకు ఆధారములు. కాని మేడ్చలు వాగులో మీసాలపరకను, నెత్తిచుక్క చేపను ఊరి ముసలమ్మ ఏమని పిలుచునో, ఆమెనే యడిగి తెలిసికొనవలయును. వలవేయు కుటుంబములలోని పిల్లలు కర్మాగారములకును నగరపు కొలువులకును పోవుచున్నారు. తాత చెప్పిన పేరు మనుమనికి రాకున్నచో, ఆ చేప వాగులో లేకపోయిన దినమున లేదని చెప్పుటకు కూడ మాట యుండదు.

ఇందుకొఱకు మా పాఠశాల ప్రకృతిశాస్త్రపు గదిలో నొక పుస్తకమును తెఱచితిమి. ప్రతి పుటయందును చేప దొరకిన వాగు లేక చెరువు పేరు, ఊరు, తేది, నీరు పాఱుచున్నదో నిలిచియున్నదో, తేటయో బురదయో, మూతి, మీసములు, ప్రక్కగీత, ఱెక్కలు, చుక్కలు, పొడవు, తుదకు ఊరివారు చెప్పిన పేరు, అది చెప్పినవారి వయస్సు వ్రాయుటకు గడులు గలవు. పేరు తెలియనిచో ఆ గడిని ఖాళీగా విడువవలయునే గాని ఊహించి నింపరాదు. పూర్వవిద్యార్థులును తలిదండ్రులును తమ యూరి చేపలను గూర్చి యిట్లే వ్రాసి పంపవచ్చును. నేడు చేతిఫోను లేని యిల్లరుదు గనుక పటమును గూడ పంపుట సులభము. చేపను తడిచేతిలో ప్రక్కవాటుగా నుంచి, ఎడమవైపు కనబడునట్లు, దగ్గఱ నొక కొలబద్ద పెట్టి పటము తీయవలయును. నీటిపై తిరుగు చేపయైనచో నెత్తి కనబడునట్లు పైనుండి రెండవ పటము తప్పక తీయవలయును.